సంక్రాంతికి నచ్చిన ఇంటిని శ్రావణంలో మళ్లీ చూడండి: డెల్టాలో ఇల్లు కొనేముందు తనిఖీ ఎలా చేసుకోవాలి

మా అక్కా బావగారూ పాలకొల్లు దగ్గర ఓ ఊళ్లో డాబా ఇల్లు చూసింది సంక్రాంతి సెలవుల్లో. వాకిట్లో ముగ్గులు, గుమ్మానికి బంతిపూలు, లోపల అడుగుపెడితే ఇంకా ఆరని పెయింటు వాసన. వంటగది ఆగ్నేయంలోనే ఉంది, వీధిపోటు లేదు, సిద్ధాంతిగారు సరేనన్నారు. కనుమ మర్నాడే అడ్వాన్సు ఇచ్చేశారు, మాఘంలో రిజిస్ట్రేషన్ అయిపోయింది. కాలువలకు నీళ్లొదిలి, వానలు పట్టుకున్నాక పడకగది గోడ మోకాలెత్తు దాకా పొక్కులు లేచింది. చీపురు తగిలితే చాలు, ప్లాస్టరు పిండిలా రాలేది. అల్మరాలో అక్క పట్టుచీరలకు బూజు పట్టింది. అమ్మినాయన్ని అడిగితే "మీరు చూసుకునే కొన్నారు కదండీ" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి మా బంధువుల్లో ఎవరు ఇల్లు కొంటున్నా, మాకు బాగా తెలిసిన తాపీ మేస్త్రీగారిని వెంటబెట్టుకుని నేనూ వెళ్తున్నాను. అలా చూసి నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను. గోదావరి డెల్టాలో ఇంటికి వచ్చే జబ్బుల్లో చాలావరకు నీళ్ల వల్లే వస్తాయి. కింద నేలలోంచి, పైన శ్లాబు మీంచి, పక్క చెరువులోంచి, చివరికి బోరులోంచి కూడా. తనిఖీ అంటే ముఖ్యంగా ఆ నీళ్ల జాడ పట్టుకోవడమే.

మొదటి పని: అడ్వాన్సు కంటే ముందు ఒప్పందంలో మాట

ఇల్లు నచ్చగానే చేతిలో డబ్బు పెట్టేయడం మనవైపు అలవాటు. "వేరేవాళ్లు ఎగరేసుకుపోతారు" అని మధ్యవర్తి తొందరపెడతాడు. ఆ టెన్షన్‌లో పడకండి. ఇవ్వాల్సి వస్తే చిన్న మొత్తమే ఇచ్చి, అగ్రిమెంటులో మూడు మాటలు రాయించండి. ఒకటి, మా ఇంజనీరు ఇల్లు పరీక్షించడానికి ఇన్ని రోజులు గడువు. రెండు, శ్లాబులో గానీ స్తంభాల్లో గానీ పునాదిలో గానీ లోపం బయటపడితే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి. మూడు, గోడల దగ్గర సామాను జరిపి చూడటానికి, అవసరమైతే ఒకటి రెండు చోట్ల ప్లాస్టరు చెక్కి చూడటానికి అమ్మేవాళ్ల అనుమతి. చెక్కినచోట పూడ్చే ఖర్చు మనదే అని రాస్తే వాళ్లూ పెద్దగా అభ్యంతరం చెప్పరు.

చట్టం ఏమంటుందో కూడా తెలిసుండాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాళ్లకు తెలిసి, కొనేవాళ్లకు తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కనబడని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. ఇందులో "మామూలు జాగ్రత్త" అన్నదే అసలు మెలిక. కళ్లెదుట ఉన్న పగులు మనం చూసుకోకపోతే తర్వాత అడిగే హక్కు బలహీనపడుతుంది. బిల్డరు దగ్గర రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదైన ప్రాజెక్టులో కొత్త ఫ్లాటు కొంటే కొంత ధీమా ఉంది. స్వాధీనం చేసిన రోజునుంచి 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే ఆయనే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఊళ్లో పాత ఇల్లు ఒకరి దగ్గర కొనేటప్పుడు ఆ రక్షణ వర్తించదు.

ఎప్పుడు చూడాలి

వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. అప్పుడు నేలలో నీటిమట్టం దిగిపోతుంది, గోడలు ఆరిపోతాయి, పైన రంగు వేస్తే ఇల్లు పెళ్లికూతురులా ఉంటుంది. సార్వా (వానాకాలం) పంటకి నీళ్లొదిలి, చుట్టూ చేలు నిండాక అదే ఇంటి గోడ మళ్లీ తడి పీల్చడం మొదలుపెడుతుంది. అందుకే గోడల్లో నెమ్ము చూడాలంటే శ్రావణ భాద్రపదాల్లో వెళ్లాలి. పగుళ్ల సంగతి దీనికి తలకిందులు. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వానాకాలంలో మూసుకుపోయిన పగులు మే నెలలో నోరు తెరుస్తుంది. రెండు కాలాల్లోనూ చూడగలిగితే అంతకంటే మంచిది లేదు. కుదరనివాళ్లు కనీసం ఒక పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి, రాత్రిపూట ఒకసారి వెళ్లండి. రాత్రి ఎందుకంటే, టార్చిలైటు గోడకు ఆనించి పక్కవాటుగా వేస్తే పగలు కనబడని ఉబ్బులూ అతుకులూ నీడలుగా లేచి కనిపిస్తాయి.

సెలవులకు వచ్చి వారంలో కొనేసి వెళ్లాలనుకునే హైదరాబాదు, అమెరికా బంధువులకు నేను చెప్పేది ఒకటే. ఇప్పుడు చూడండి, అగ్రిమెంటు రాసుకోండి, రిజిస్ట్రేషన్ మాత్రం వానాకాలం తనిఖీ తర్వాత పెట్టుకోండి. అమ్మేవాళ్లు అంతవరకూ ఆగనంటే, కింద చెప్పిన పరీక్షల్లో ఒక్కటి కూడా వదలకండి.

ఇంటికంటే ముందు నేల

ఇంటి గుమ్మం ఎక్కకముందు వీధి అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని ఒక మాట అడగండి: "తాతగారూ, ఈ ఇల్లు కట్టకముందు ఇక్కడ ఏముండేదండీ?" చేను అంటారు, కొబ్బరితోట అంటారు, ఒక్కోసారి "చేపల చెరువండి, పూడ్చారు" అంటారు. మూడో జవాబు వస్తే జాగ్రత్త. చెరువు పూడ్చినచోట బుసకో గ్రావెలో తోలి, సరిగ్గా రోలరు తిప్పకుండా, ఒక్క వానాకాలమైనా కుంగనివ్వకుండా పునాది తీస్తే ఇల్లు ఓ పక్కకు దిగుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. స్థలం ఏ ఏడాది దాకా చెరువుగా ఉందో, ఇల్లు ఎప్పుడు లేచిందో అందులో తెలిసిపోతుంది. సర్వేయరు దగ్గర ఎఫ్ఎంబీ స్కెచ్చు (స్థలం కొలతల పటం) తీసుకుని పంట బోదె గానీ, మురుగు కోడు గానీ, పుంత దారి గానీ హద్దులోకి వచ్చిందేమో కొలిపించండి.

తర్వాత వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఈ రెండుసార్లూ ఆ ఇంటి దగ్గర నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వీధిలో అడిగి తెలుసుకోండి. చాలా ఊళ్లలో రామాలయం గోడో, బడి గోడో చూపించి "ఇక్కడిదాకా" అంటారు. నది మధ్య లంక గ్రామాల్లో కొనేవాళ్లు బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరికల లెక్క గుర్తుపెట్టుకోవాలి: 11.75 అడుగులకు మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకు కాజ్‌వే మునుగుతుంది, ఎన్ని రోజులు పడవలే దిక్కు అన్నది పక్కింటివాళ్లే చెప్పగలరు. గోదావరి గట్టు ఆనుకుని ఉన్న ఇల్లయితే గత పదేళ్లలో ఒడ్డు ఎంత కోతకు గురైందో కూడా అడగండి. నదికి దూరంగా ఉన్నాం కదా అని ధీమా పడకూడదు. భీమవరం వైపు యనమదుర్రు, అమలాపురం వైపు కౌశిక లాంటి డ్రెయిన్లు పొంగితే నీళ్లు వెనక్కి తన్నుకొస్తాయి.

ఇంకో పని, చాలామంది చేయనిది. రోడ్డు నడిమధ్య మట్టానికి ఇంటి గచ్చు ఎంత ఎత్తులో ఉందో మేస్త్రీ చేత లెవెల్ ట్యూబు పెట్టించి చూడండి. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేస్తూ పోవడంతో, ముప్పై ఏళ్ల కిందట మూడు మెట్లెక్కిన ఇళ్లలోకి ఇప్పుడు మెట్టు దిగాల్సి వస్తోంది. రోడ్డుకంటే గచ్చు కిందికుంటే ఆ ఇంటిని ఎత్తు చేయడం చాలా కష్టం. కనీసం రెండడుగులైనా పైన ఉన్న ఇంటినే నేను మావాళ్లకు సిఫారసు చేస్తాను.

కోనసీమలో ఉన్నవాళ్లు గ్యాస్ పైపులైన్ల సంగతి మరవకూడదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పెరట్లో గానీ పక్క తోటలో గానీ పైపులైను గుర్తు స్తంభాలు ఉంటే, అది ఏ సర్వే నంబరు గుండా పోతోందో కనుక్కోండి. పైపు పోయే పట్టీలో కట్టడాలు కట్టకూడదని 1962 నాటి చట్టం చెబుతోంది. తర్వాత గది వేసుకుందామనుకుంటే కుదరదు.

గోడలు: నెమ్ము, ఉప్పు

కిందటేడాది ఉండి దగ్గర ఓ ఇల్లు చూడటానికి వెళ్లాం. హాలు గోడకు లేతనీలం రంగు, నున్నగా ఉంది. మేస్త్రీగారు ఇంటావిణ్ణి అడిగి బీరువా ఓ మూరెడు ముందుకు లాగించారు. వెనక గోడ మీద రంగు వేయలేదు. అడుగునుంచి నడుమెత్తు దాకా ప్లాస్టరు ఉబ్బి, తెల్లటి నూగు పట్టి ఉంది. ఆయన గోరుతో గీరారు, గచ్చు మీద చిన్న పోగు పడింది. వేలి కొసకు కొంచెం అంటించుకుని నాలిక మీద పెట్టుకున్నారు. "ఆయ్, ఉప్పండి బాబూ. పక్కన రొయ్యల చెరువుందేమో సూడండి." పెరటిగోడ మీంచి చూస్తే చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నాయి.

ఇటుక గోడ ఒత్తిలాంటిది. నేలలో తడి ఉంటే పైకి లాగుతుంది. ఆ తడితోపాటు ఉప్పూ ఎక్కుతుంది. గోడ ఆరేటప్పుడు ఉప్పు గడ్డకట్టి ప్లాస్టరును లోపలినుంచి తోసేస్తుంది. బేస్‌మెంటు మీద తడిని అడ్డుకునే డీపీసీ పొర సరిగ్గా వేసుంటే ఇది ఆగుతుంది. పాత ఇళ్లలో చాలావాటికి ఆ పొర ఉండదు, ఉన్నా చితికిపోయి ఉంటుంది.

మరక ఎక్కడుందో చూస్తే కారణం సగం తెలుస్తుంది. అడుగునుంచి మోకాలో నడుమో ఎత్తుదాకా ఒకే గీతలా ఉంటే నేల నెమ్ము. గోడ మధ్యలో, బాత్‌రూముకు అవతలివైపు మచ్చలా ఉంటే పైపు కారుతోంది. పైన కప్పు దగ్గర ఉంటే శ్లాబు లీకు. హాల్లో, పడకగదిలో గోడకు మూడడుగుల ఎత్తున టైల్స్ అతికించి ఉంటే అందానికి వేశారో, నెమ్ము కప్పడానికి వేశారో అడగండి. రూపాయి బిళ్లతో కొట్టండి. బోలు శబ్దం వస్తే వెనక ప్లాస్టరు ఊడిందన్నమాట.

అనుమానం తీరకపోతే ఇంకో పరీక్ష ఉంది, ఖర్చేమీ లేదు. అడుగు చదరం పాలిథిన్ కవరు ముక్కను గోడకు నాలుగు వైపులా గాలి పోకుండా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలివైపు, అంటే గోడవైపు, చెమ్మ పడితే తడి గోడలోంచే వస్తోంది. బయటివైపు పడితే గదిలో గాలి ఆడక పట్టిన చెమ్మ. గచ్చుకు కూడా ఇలాగే చేయొచ్చు.

నెమ్ము ఉన్న ప్రతి ఇంటినీ వదులుకోమని అనను. అలా అంటే డెల్టాలో ఇల్లే దొరకదు. మోకాలు దాటకుండా, ఉప్పు లేకుండా ఉన్న నెమ్మును బాగుచేసుకోవచ్చు. నడుమెత్తు ఉప్పు మాత్రం ఏటేటా ప్లాస్టరు తినేస్తుంది. ఆ ఖర్చు లెక్కగట్టి ధరలో తగ్గించమని అడగాలి. వాటర్‌ప్రూఫ్ పెయింటు ఒక్కటే వేస్తే సరిపోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. తడికి ఇటు దారి మూస్తే గోడలో ఇంకా పైకి పోతుంది.

పగుళ్లు

వెంట్రుకవాసి గీతలు ప్లాస్టరువి, భయం లేదు. స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చే గీత కూడా చాలావరకు అతుకు దగ్గర మెష్ వేయకపోవడం వల్లే. కిటికీ, గుమ్మాల మూలలనుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పాకి, గోడకు రెండువైపులా కనిపించే పగులు పునాది కదిలిందని చెబుతుంది. ఆ పగుల్లో పాతికపైసల బిళ్ల దూరితే ఇంజనీరుకు చూపించకుండా ముందుకెళ్లకండి. పగులు ఆగిందో, ఇంకా పెరుగుతోందో తెలియాలంటే దానిమీద అడ్డంగా పల్చటి సిమెంటు పట్టీ వేసి తేదీ రాసి, నెలా రెండు నెలల తర్వాత చూడండి. పట్టీ చిట్లితే ఇంటి కదలిక ఆగలేదు. గచ్చు వాలు చూడటానికి గోళీ ఒకటి చాలు. తలుపులన్నీ తీసి వేసి చూడండి. ఒకే పక్క తలుపులన్నీ పట్టేస్తుంటే ఆ పక్క కుంగిందేమోనని అనుమానించాలి.

శ్లాబు, స్తంభాలు: ఇక్కడ మొహమాటం వద్దు

గోడ మళ్లీ కట్టుకోవచ్చు. శ్లాబులో ఇనుము తుప్పు పడితే అది ఇంటి ప్రాణానికే ముప్పు. తుప్పు పట్టిన ఊచ అసలు ఇనుముకంటే ఎన్నో రెట్లు ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును చీల్చేస్తుంది. ముందు ఊచ వెంబడి సన్నని గీత, తర్వాత గోధుమరంగు మరక, చివరికి పెచ్చులూడటం. ఈ మూడింటినీ ముఖ్యంగా నాలుగుచోట్ల వెతకండి: బాత్‌రూము కప్పు, వంటగది కప్పు, సన్‌షేడ్ల అంచులు, నీళ్లట్యాంకు కింద. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక విప్పించి లైటు వేసి చూడాల్సిందే. విప్పనంటే ఆ ఇల్లు నేనైతే కొనను.

సముద్రం దగ్గరకొచ్చేకొద్దీ, అంటే అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు, ఈ జబ్బు తొందరగా వస్తుంది. ఉప్పుగాలి నేరుగా తగిలే కాంక్రీటుకు ఊచ మీద 45 మిల్లీమీటర్ల మందం ఉండాలని, ఎం30 గ్రేడు కాంక్రీటు వాడాలని కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మన ఊళ్లలో కట్టిన ఇళ్లలో అంత మందం అరుదు. ఇల్లు కట్టిన మేస్త్రీ ఇంకా ఊళ్లోనే ఉంటే వెళ్లి కలవండి. "కాంక్రీటుకు ఏ నీళ్లు వాడారండీ?" అని అడగండి. ఇనుము వేసే కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. ఉప్పబోరు నీళ్లతో కట్టిన ఇల్లయితే బయటికి ఎంత అందంగా ఉన్నా లోపల తుప్పు మొదలై ఉండొచ్చు.

డాబా ఎక్కండి. వాన పడ్డ మర్నాడయితే నీళ్లు ఎక్కడ నిలిచాయో కనిపిస్తుంది. ఎండాకాలమైతే పైపు నోళ్లు మూసి రెండంగుళాల నీళ్లు పట్టి ఒక రోజంతా ఉంచి, కింద గదుల్లో కప్పు చూడండి. ఇంటిమీదికి వాలిన కొబ్బరిచెట్లు ఎన్నున్నాయో కూడా చూడాలి. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమవాళ్లకు ఆ వాలు ఎంత ప్రమాదమో తెలుసు.

నీళ్లు, మరుగుదొడ్డి, కరెంటు

బోరో ఫిల్టర్ పాయింటో, ఏదున్నా ఎంత లోతో అడగండి. తీరం వైపు ఊళ్లలో పైన పల్చటి పొర మంచినీళ్లు, దాని కింద ఉప్పునీళ్లు. లోతు పెంచితే మంచినీళ్లు వస్తాయనుకోవడం ఇక్కడ పొరపాటు. మోటారు పావుగంట వేసి వదిలేశాక నీళ్లు పట్టండి. మొదటి బిందె కాదు, పదో బిందె పరీక్షించాలి. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే చిన్న టీడీఎస్ మీటరు జేబులో వేసుకెళ్తే అక్కడే తెలుస్తుంది. తాగేనీళ్లకు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే గతి లేకపోతే 2000 దాకా అనుమతి ఉంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో క్లోరైడు, నైట్రేటు, బాక్టీరియా పరీక్షలు చేయించుకోండి. సెప్టిక్ ట్యాంకు బోరుకు దగ్గరగా ఉంటే, కనీసం 50 అడుగుల దూరం లేకపోతే, ఈ బాక్టీరియా పరీక్ష తప్పనిసరి.

వానాకాలంలో నేలనీళ్లు పైకొచ్చి సెప్టిక్ ట్యాంకు నిండిపోవడం ఇక్కడ మామూలే. రెండు మూడుసార్లు ఫ్లష్ వేసి నీళ్లు ఎంతసేపట్లో దిగాయో చూడండి. కరెంటు విషయంలో మీటరు దగ్గర కరెంటు లీకైతే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే సప్లై పోతోందా, ఎర్తింగ్ పనిచేస్తోందా, ఈ మూడూ ఎలక్ట్రీషియన్ చేత చూపిస్తే చాలు. ద్వారబంధాల అడుగున స్క్రూడ్రైవరుతో పొడిచి చెదలు చూడండి. మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు ఎక్కినట్టే.

మండువా లోగిలి, పెంకుటిల్లు కొనేవాళ్లకు

వీటి పద్ధతి వేరు. గానుగ సున్నంతో కట్టిన గోడ తడి పీల్చుకున్నా గాలికి వదిలేస్తుంది, అందుకే అవి వందేళ్లున్నాయి. అలాంటి గోడకు ఎవరైనా సిమెంటు ప్లాస్టరు కొట్టి ఉంటే తడి లోపలే ఉండిపోయి గోడ కుళ్లుతుంది. ఆ మరమ్మతు ఎప్పుడు చేశారో తప్పక అడగండి. మండువా చుట్టూ వాననీళ్లు పడే చోట దూలాల చివరలు, గోడలోకి దూరిన వాసాల మొదళ్లు నిచ్చెన వేసి చూడాలి. మిగతా కర్ర ఇనుములా ఉన్నా, కుళ్లు అక్కడినుంచే మొదలవుతుంది.

ఇంజనీర్ని పిలవడం

లోను ఇచ్చే బ్యాంకు పంపే వాల్యుయర్ రిపోర్టు ఉంది కదా అనుకోకండి. ఆయన చూసేది ఆ ఇల్లు ఎంత అప్పుకు ఆగుతుందన్నది. మీ తరఫున వేరే సివిల్ ఇంజనీరు ఉండాలి. అమ్మేవాళ్లకు గానీ మధ్యవర్తికి గానీ బంధుత్వం ఉన్న మనిషి వద్దు. తుప్పు అనుమానం ఉంటే కాంక్రీటు గట్టిదనం తెలుసుకోవడానికి రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించమనండి. కాంక్రీటు చిన్న పెచ్చు తీసి ఫినాల్ఫ్తలీన్ చల్లే పరీక్ష తేలికైనది, కంటితో చూడొచ్చు. గులాబీరంగు వస్తే ఇనుమును కాపాడే క్షారగుణం కాంక్రీటులో ఇంకా ఉంది, రంగు రాకపోతే ఆ లోతు వరకు అది పోయింది. మాటల్లో చెప్పించుకుని ఊరుకోవద్దు. ఫొటోలతో, మరమ్మతు అంచనాతో, సంతకంతో రాతపూర్వకంగా తీసుకోండి.

కాగితాలు చూసే లాయరుకూ ఈ ఇంజనీరుకూ మాట కలపండి. ఈసీ (ఆస్తి మీద లావాదేవీల ధ్రువపత్రం), పాత లింకు డాక్యుమెంట్లు, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితా లాయరు చూస్తారు. ప్లాను అనుమతిలో ఉన్న ఇల్లూ ఎదురుగా ఉన్న ఇల్లూ ఒకటేనా అన్నది ఇంజనీరే చెప్పగలరు. ఒక అంతస్తుకు వేసిన పునాది మీద రెండో అంతస్తు లేపిన ఇళ్లు ఇలాగే దొరికిపోతాయి.

రిపోర్టు చేతికొచ్చాక

అమ్మేవాళ్లతో కూర్చున్నప్పుడు గొంతు పెంచనక్కర్లేదు. అంచనా కాగితం ముందుపెట్టి, "ఇందులో మీరు చేయించేది ఏది, ధరలో తగ్గించేది ఏది?" అని అడగండి. నా అనుభవంలో ధర తగ్గించుకోవడమే మేలు. అమ్మేసే ఇంటికి ఎవరూ మనసుపెట్టి మరమ్మతు చేయించరు. తగ్గిన ధర, వాళ్లు ఒప్పుకున్న పనులు పాత అగ్రిమెంటు వెనక రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లేముందు ఇంటికి ఒకసారి వెళ్లండి. సామానంతా ఖాళీ అయ్యాక గోడలన్నీ బయటపడేది ఆ రోజే. బీరువాలు, మంచాలు ఉన్నచోట్ల గోడ అడుగున చెయ్యిపెట్టి తడిమి చూడండి. మోటారు, ఇన్వర్టరు, ఫ్యాన్లు, మాట్లాడుకున్నవన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకుని, కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసుకోండి. ఇంటిపన్ను, కరెంటు బిల్లు బకాయి లేదని రసీదులు చేతికొచ్చాకే బయల్దేరండి.